చలికాలం పురిటి గది: కిటికీలు బిగించాలా, ఓరగా తీసి ఉంచాలా?

కోటగట్టు (ప్రశ్న వేసినవారు, విజయనగరం)

అందరికీ నమస్కారం. వారం రోజులుగా మా ఇంట్లో ఒకటే పంచాయితీ. తీర్పు మీరు చెప్పండి.

మా అమ్మాయికి జనవరి మొదటి వారంలో డెలివరీ అన్నారు. పైన ఉన్న గది దానికి సిద్ధం చేస్తున్నాం. మా అత్తగారిది పాలకొండ దగ్గర పల్లె, వయసు 78. ఆవిడ మాట ఏమిటంటే కిటికీలన్నీ బిగించాలి, సందుల్లో గుడ్డలు కుక్కాలి, మంచం కింద కుంపటి ఉండాలి, పొద్దుగూకగానే సాంబ్రాణి వెయ్యాలి. "ఐదుగురిని కన్నాను, ఒక్కరికీ చలి సోకనివ్వలేదు" అంటారు. మావారు హీటరు కొందామంటారు. నాకేమో తలుపులన్నీ మూసిన గదిలో పది నిమిషాలుంటే తలనొప్పి. ఒక్క కిటికీ అయినా ఓరగా ఉండాలంటాను. అమ్మాయిని అడిగితే "మీరు ముగ్గురూ తేల్చుకుని చెప్పండి, నేనొచ్చి పడుకుంటా" అంది.

గది పదీ పన్నెండు అడుగులు. పైన స్లాబు, దాని మీద ఇంకేం లేదు. ఉత్తరం గోడకి పెద్ద స్లైడింగ్ కిటికీ, తూర్పుకి చిన్నది. నేల టైల్స్. థర్మామీటరు పెట్టి చూశాను. నిన్న తెల్లవారుజామున 5 గంటలకి కిటికీలు మూస్తే గదిలో 19 డిగ్రీలు, బయట బాల్కనీలో 15.

గంట స్తంభం

మూసెయ్యండి. బాలింతకి చలిగాలి తగలకూడదు. దీనికి చర్చ ఎందుకు?

ఏడురోడ్లు (శ్రీకాకుళం)

తీసెయ్యండి. గాలాడని గదిలో మనిషి ఉండకూడదు. అవును, దీనికి చర్చ ఎందుకు?

నాగావళి అవతల

కిటికీ సంగతి తర్వాత, ముందు ఆ కుంపటి ఆలోచన మానుకోండమ్మా. నా చిన్నప్పటి సంగతి చెబుతాను.

నాకు తొమ్మిదేళ్ళు. సంక్రాంతికి తాతగారింటికి వెళ్ళాం. అప్పటికే పెంకుటిల్లు తీసి ముందు గది వరకు డాబా వేశారు. భోగికి ముందు రోజు చలి బాగా ఉందని రాత్రి నిప్పులు రాజేసిన కుంపటి ఆ గదిలో పెట్టి, పిల్లలం నలుగురం, మా పెద్దమ్మ తలుపు గెడ వేసుకుని పడుకున్నాం. పొగ ఏమీ లేదు, బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. ఎంత హాయిగా ఉందో! ఏ రాత్రివేళో లేచాను, తల పగిలిపోతోంది, కడుపులో వికారం. లేవబోతే కాళ్ళు మాట వినలేదు. పక్కన తమ్ముడు వాంతి చేసుకున్నాడు, వాడికి తెలివి కూడా లేదు. నా ఏడుపు విని మా నాన్న తలుపు తన్నారు. గెడ ఊడొచ్చింది. అందరినీ ఈడ్చుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. తెల్లారి మా నానమ్మ మాకు దిష్టి తీసింది, ఎవరి కన్నో పడిందని.

కన్ను కాదు, కార్బన్ మోనాక్సైడ్ అని ఇంటర్‌లో చదువుకున్నప్పుడు తెలిసింది. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు. బొగ్గు పొగ రాకుండా కాలుతోందంటే ప్రమాదం లేదని అనుకుంటాం, అక్కడే మోసం. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అది 200 రెట్లకు మించిన పట్టుతో అతుక్కుపోతుంది. మనిషికి ఊపిరాడనట్టు కూడా అనిపించదు, నిద్ర ముంచుకొస్తుంది అంతే. మేం తలనొప్పితో బయటపడ్డాం. నెల కూడా నిండని పసిగుడ్డు ఎవరితో చెప్పుకుంటుంది?

పాలకొండ పెదబాబు

ఏటి బాబూ, ఒక్క రాత్రి కథ చెప్పి వెయ్యేళ్ళ అలవాటుని కొట్టిపారేస్తున్నారు! నేను పుట్టిందీ కుంపటి పక్కనే, నా పిల్లలూ అంతే. సీతంపేట కొండల కింద మార్గశిరం, పుష్యం ఎలా ఉంటాయో విజయనగరంలో ఉన్నవాళ్ళకి తెలీదు. తెల్లారి లేస్తే గడ్డి మీద మంచు, నోరు తెరిస్తే పొగ. అక్కడ బాలింత మంచం కింద నిప్పులు లేకపోతే కుదరదు.

అమ్మా, మీ అత్తగారిని తక్కువ చెయ్యకండి. ఐదు పురుళ్ళు అనుభవించిన మనిషి. థర్మామీటరు చూసి మాట్లాడే మనిషి కాదు.

స్లాబు మేస్త్రి

పెదబాబు గారూ, మీరు చెప్పిందీ నిజమే, నాగావళి గారు చెప్పిందీ నిజమే. ముప్పై ఏళ్ళుగా ఇళ్ళు కడుతున్నాను కాబట్టి చెబుతున్నా. తేడా మనుషుల్లో లేదు, ఇంటి కప్పులో ఉంది.

పెంకుటిల్లు ఎప్పుడైనా లోపలి నుంచి చూశారా? మధ్యాహ్నం పూట పెంకుల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా నేల మీద పడుతుంది. ఎండ లోపలికొచ్చిన దారిలోనే రాత్రి వేడిగాలి పైకి పోతుంది. తలుపు చెక్కలు ఒకదానికొకటి అతకవు, గడప కింద పిల్లి దూరేంత సందు. ఆ ఇంట్లో మీరు తలుపు గెడ వేసినా గాలి ఆగదు. అందుకే అక్కడ కుంపటి పెట్టినా మీరు బతికి బట్టకట్టారు. పూరిల్లయితే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మేం కడుతున్న గది మూత బిగించిన సీసాలాంటిది. పైన స్లాబు, చుట్టూ సిమెంటు, కిటికీకి అల్యూమినియం చట్రం, దానికి బ్రష్షు పట్టీ. పాత ఇళ్ళలో గోడకి పైన వెంటిలేటరు ఉండేది, ఇప్పుడు ఏసీ పెట్టుకోవాలని అదీ వద్దంటున్నారు. కుంపటి అలవాటు ఆ ఇంటిది. ఇల్లు మారిపోయాక కుంపటి ఒక్కటే మిగిలింది.

కోటగట్టు గారూ, మీ గది చల్లగా ఉండడానికి అసలు కారణం కిటికీ కాదు, పైనున్న ఖాళీ స్లాబు. చలికాలం ఆకాశంలో మబ్బుండదు, రాత్రంతా స్లాబు తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. తెల్లారేసరికి అది చల్లటి పెనంలా మీ నెత్తి మీద ఉంటుంది. గదిలో గాలి 19 ఉన్నా ఒంటికి ఇంకా చలిగా అనిపించేది అందుకే. కింది అంతస్తులో గది ఉంటే అమ్మాయిని అక్కడ పెట్టండి. లేదంటే మంచం ఉత్తరం గోడకి ఆనించకుండా లోపలి గోడ వైపు జరపండి. ఇది పైసా ఖర్చు లేని పని, ఎవరూ చెయ్యరు.

ఏడురోడ్లు

మేస్త్రి గారికి దండం. "కిటికీ కాదు, స్లాబు" అని గోడ మీద రాయించుకోవాలి.

వేడిగాలి వీరుడు

ఇంత చర్చ అనవసరం. ఆయిల్ నింపిన హీటరు ఒకటి కొనండి. మంట లేదు, పొగ లేదు, ఆక్సిజన్ తినదు. థర్మోస్టాట్ ఉంటుంది, 24 దగ్గర పెట్టి వదిలేస్తే అదే ఆగుతుంది, అదే వెలుగుతుంది. మా పాపకి పోయిన చలికాలం అదే వాడాం.

ఏడురోడ్లు

బిల్లు గురించి కూడా చెప్పండి వీరుడు గారూ. 2000 వాట్ల హీటరు గంట మండితే 2 యూనిట్లు. రాత్రి ఎనిమిది గంటలు ఆగకుండా నడిస్తే 16. మధ్యలో సగం సేపు ఆగుతుందనుకున్నా 8. నెలకి 240 యూనిట్లు ఒక్క హీటరుకే! మనది లంబసింగి కాదండీ, గట్టిగా చలి ఉండేది నలభై రోజులు. సంక్రాంతి వెళ్ళాక ఆ వస్తువు అటక మీద.

వేడిగాలి వీరుడు

పుట్టబోయే మనవడికి 240 యూనిట్లు లెక్కా సార్?

ఏడురోడ్లు

మనవరాలైతే?

వేడిగాలి వీరుడు

సరే, మనవరాలికి కూడా అంతే యూనిట్లు.

స్లాబు మేస్త్రి

హీటరు కొంటే ఒక్క మాట. 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మంచం పక్కన ఫోను ఛార్జింగ్ పెట్టుకునే 6 ఆంపియర్ల ప్లగ్గులో, ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చకండి. బాక్సు కరిగి నల్లబడ్డ ఇళ్ళు చూశాను. ఏసీకి, గీజరుకి పెట్టే 16 ఆంపియర్ల పాయింటు ఉండాలి. హీటరు మీద పిల్ల బట్టలు ఆరేస్తారు, అది మాత్రం వద్దే వద్దు.

వార్డు అక్క

పురిటి వార్డులో పని చేసి రిటైర్ అయ్యాను. ఇక్కడ అందరూ పెద్దవాళ్ళ ఒంటితో కొలుస్తున్నారు. ఈ గదిలో ఇద్దరు ఉండబోతున్నారు, ఇద్దరి అవసరం ఒకటి కాదు.

మనకి నిద్రపట్టాలంటే ఒళ్ళు లోపల కొంచెం చల్లబడాలి. అందుకే పెద్దవాళ్ళకి 18, 20 డిగ్రీల గదిలో మంచి దుప్పటి ఉంటే గాఢంగా నిద్ర పడుతుంది. కాళ్ళు చేతులు వెచ్చగా ఉంటే ఇంకా తొందరగా పడుతుంది, ఎందుకంటే లోపలి వేడి వాటి గుండా బయటికి పోతుంది. సాక్సులు వేసుకుని పడుకుంటే హాయిగా ఉండడం అందుకే. అంతవరకు కోటగట్టు గారు కరెక్టే.

కానీ అప్పుడే పుట్టిన బిడ్డ అలా కాదు. వాళ్ళకి వణుకు రాదు, వణికి వేడి పుట్టించుకోలేరు. ఒంటి బరువుకి చర్మం ఎక్కువ, వేడి ఇట్టే పోతుంది. మొదటి రోజుల్లో గది 25 దాకా ఉండాలి, అంటే మీకు నాకు కాస్త ఉక్కగా అనిపించాలి. 19 చాలదు. కాబట్టి పాలకొండ అత్తగారు కూడా కరెక్టే, కుంపటి ఒక్కటి తప్ప.

బిడ్డకి చలిగా ఉందో లేదో థర్మామీటరు లేకుండా తెలుసుకోవచ్చు. చేతి వెనక భాగంతో పొట్ట ముట్టుకోండి, తర్వాత పాదం ముట్టుకోండి. రెండూ వెచ్చగా ఉంటే బాగుంది. పొట్ట వెచ్చగా, పాదం చల్లగా ఉంటే చలి పుడుతోందని అర్థం. రెండూ చల్లబడితే ఇంట్లో చిట్కాలు వద్దు, తల్లి ఒంటికి ఆనించి కప్పి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పాదం ఒక్కటే చల్లగా ఉంటే అన్నిటికంటే మంచి హీటరు తల్లి గుండెలే. బట్టలు విప్పి, బిడ్డని చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టుకుని పైన దుప్పటి కప్పుకోవాలి. తల్లి మేలుకుని ఉన్నప్పుడే సుమా. నిద్ర వస్తుంటే పక్కనున్న అమ్మమ్మ తీసుకోవాలి.

బిడ్డ మీద బరువైన బొంతలు వెయ్యకండి, ముఖం మీదకి ఏదీ రాకూడదు, తల చుట్టూ దిండ్లు పేర్చకండి. వేడినీళ్ళ బ్యాగు బిడ్డ పక్కన పెట్టకండి, కాలిన చర్మాలు చూశాను.

గంట స్తంభం

చూశారా, మూసెయ్యమనే కదా అక్క కూడా అన్నది.

వార్డు అక్క

అనలేదు బాబూ. మంచం మీదకి సూటిగా గాలి కొట్టకూడదు, అంతే. గదిలోకి గాలే రాకూడదనలేదు. స్నానం చేయించేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు ఆ పదిహేను నిమిషాలు అన్నీ మూసుకోండి. తర్వాత గాలికి దూరంగా ఉన్న కిటికీ బెత్తెడు తెరవండి. సాంబ్రాణి వేస్తే గది ఖాళీగా ఉన్నప్పుడు వేసి, పొగ పోయాక బిడ్డని తీసుకురండి. మూసిన గదిలో దోమల చుట్ట వెలిగించడమూ అంతే, అదీ పొగే కదా. దోమతెర కట్టుకోండి.

నాగావళి అవతల

తడి గురించి ఎవరూ చెప్పలేదు. రాత్రంతా ముగ్గురి ఊపిరి, తడి గుడ్డలు, వేడినీళ్ళ ఆవిరి అన్నీ ఆ గదిలోనే ఉండిపోతాయి. తెల్లారి కిటికీ అద్దం మీద నీళ్ళు కారుతుంటే గది గాలాడడం లేదని గుర్తు. నెల తిరక్కుండా ఉత్తరం గోడ మూలలో నల్లటి బూజు మచ్చలు వస్తాయి. మంచం వెనక, బీరువా వెనక చూడండి.

బూరుగు దూది

మీరంతా పైన ఏం కప్పుకోవాలా అని చూస్తున్నారు. చలి వచ్చేది కింద నుంచి.

నులక మంచం మీద ఎన్ని రగ్గులు కప్పుకున్నా వణుకుతారు, గమనించారా? కింద నుంచి గాలి తగులుతూ ఉంటుంది. మా అమ్మ అందుకే ఒక బొంత కింద పరిచి, ఒకటే పైన కప్పేది. ఆవిడ కుట్టిన బొంత ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. పైనా కిందా నేత చీరలు, మధ్యలో మా తాతగారి పాత పొందూరు పంచెలు. పొందూరు ఖద్దరు ఎంత పల్చనో తెలుసు కదా, కప్పుకుంటే చలి ఆపదు. కానీ అరిగి మెత్తబడ్డవి ఆరేడు పొరలు వేసి, వేలెడు దూరంలో వరసలు వరసలుగా కుడితే పొరల మధ్య గాలి ఆగిపోతుంది. వెచ్చదనం ఆ గాలిదే, గుడ్డది కాదు. అంచు దగ్గర మాత్రం కుట్లు వంకరగా ఉంటాయి, అప్పటికి ఆవిడకి కళ్ళజోడు లేదు.

బొంత ఎండలో వేస్తే సాయంత్రానికి ఉబ్బుతుంది. చేత్తో నొక్కితే తెలుస్తుంది. పరుపు, దిళ్ళు కూడా అంతే. దూదేకే అతను వీధిలోకి వస్తే పాత పరుపు ఏకించుకోండి. ఆ విల్లు టంగుటంగుమంటుంటే గట్టిపడిన దూది ముద్దలు విడిపోయి నురగలా లేస్తాయి. ఇప్పుడు పీచు నింపిన మెరిసే కంఫర్టర్లు కొంటున్నారు. అవీ వెచ్చగానే ఉంటాయి గానీ అర్ధరాత్రి చెమట పట్టి తన్నేస్తాం, తన్నేశాక చలి వేస్తుంది.

గంట స్తంభం

బొంత కుట్టేవాళ్ళు ఎక్కడున్నారిప్పుడు? ఎంత తీసుకుంటారు?

బూరుగు దూది

మా వీధికి ఒకావిడ వస్తుంది. చీరలు మనవే, కూలి 700 ఇచ్చాను. నాలుగు రోజులు కూర్చుని కుట్టింది, నాకు తక్కువే ఇచ్చాననిపించింది.

చర్చ నిర్వాహకుడు

బొంతల ధరలకి వేరే చర్చ మొదలుపెట్టుకోండి. ఇక్కడ కిటికీ గురించి.

పాలకొండ పెదబాబు

కిటికీ గురించే చెబుతున్నా. మేస్త్రి గారి మాట రెండ్రోజులు ఆలోచించాను. మా డాబా ఇంట్లో నిజంగానే కుంపటి వరండాలో పెట్టుకుంటున్నాం, గదిలోకి తేవడం లేదు. ఎందుకని మా ఆవిడని అడిగితే "లోపల పెడితే తల తిరుగుతుంది కదా" అంది. ఇన్నేళ్ళుగా ఆవిడకి తెలుసు, నాకు చెప్పలేదు. కుంపటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఉత్తరపు కిటికీ మాత్రం ముట్టుకోవద్దు. చలికాలం గాలి అటు నుంచే.

ఏడురోడ్లు

చివరికి ఒక్క మాట మీదకి వచ్చారు! ఇంకో సంగతి. ఆ గదిలో తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు ఉందా? రాత్రి పాలకి లేచినప్పుడల్లా అది వేస్తే తల్లీబిడ్డలిద్దరికీ నిద్ర ఎగిరిపోతుంది. డబ్బా మీద 2700 కె అని రాసి ఉండే పసుపు రంగు బల్బు, అందులోనూ తక్కువ వాట్లది, మంచానికి వెనకగా పెట్టండి. మా ఇంట్లో ఇది మార్చాక గది ఏదో లాంతరు వెలుగులో ఉన్నట్టు అయింది. చలి కూడా తగ్గినట్టే అనిపించింది, అది వట్టి భ్రమే అనుకోండి.

కోటగట్టు (ప్రశ్న వేసినవారు)

ఆలస్యానికి క్షమించండి. డిసెంబరు 30కే నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల, రెండున్నర కిలోలు. ఏడురోడ్లు గారూ, యూనిట్లు మనవరాలి ఖాతాలోనే.

కింది గది ఖాళీ చేసి అక్కడ పెట్టాం. పైనుంచి స్లాబు చల్లదనం లేకపోవడం వల్లే రెండు డిగ్రీలు తేడా కనిపించింది. మంచం లోపలి గోడ వైపు జరిపాం, నేల మీద పాత తివాచీ, దాని కింద గోనె పట్టాలు. హీటరు 16 ఆంపియర్ల ప్లగ్గులోనే. ఉత్తరం కిటికీ మూసి మందపాటి కర్టెను వేశాం. తూర్పు కిటికీ బెత్తెడు తెరిచి, దానికి దోమల జాలీ కొట్టించాం. గది 24, 25 మధ్య నిలుస్తోంది.

అత్తగారికి కుంపటి సంగతి ఎలా చెప్పాలో తెలియక మేస్త్రి గారు రాసింది చదివి వినిపించాను. పెంకుల సందుల్లో ఎండ చారలు అనగానే "అవునే, మా వంటింట్లో అలాగే పడేది" అని చాలాసేపు ఆ ఇంటి గురించే చెప్పారు. కుంపటి ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడది పెరట్లో ఉంది, పిల్లకి నీళ్ళు కాచడానికి.

పొట్ట, పాదం పరీక్ష మాత్రం ఆవిడ సొంతం చేసుకున్నారు. గంటకోసారి దుప్పటి తొలగించి చూస్తారు, దాంతో నిద్రపోతున్న పిల్ల లేస్తోంది.

తూర్పు కిటికీ రాత్రి పదింటికి నేను తెరుస్తాను. తెల్లారి లేచి చూస్తే మూసి ఉంటుంది. ఎవరు మూశారంటే ఎవరూ పలకరు. నిన్న మూడింటికి నీళ్ళ కోసం లేస్తే అత్తగారు కిటికీ దగ్గర నిలబడి దొరికిపోయారు. "మూయలేదమ్మా, ఎంత తెరిచావో చూస్తున్నా" అన్నారు.

వార్డు అక్కా, బెత్తెడు అంటే ఎవరి బెత్తెడు? మా ఇద్దరి చేతులూ కొలిచి చూశాం, ఆవిడది చాలా చిన్నది.